పద్నాలుగో పేజీ, కింది భాగం

ఫోన్ పెట్టేసి మహిపాల్ క్లాసు గది తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టాడు. ఉదయం పదకొండు గంటలు. సాయంత్రం అయిదు దాకా పిల్లలెవరూ రారు. బీరువా పై అరలోంచి పాత ఎక్స్‌రే కవరు ఒకటి దించాడు. అందులో ఎక్స్‌రే లేదు. ఇరవై రెండేళ్ల కింద ఒక పుస్తకంలోంచి తను చింపిన కాగితం ఉంది.

ఇప్పుడా కాగితం కోసమే కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది శ్రీవాణి, సరళ టీచర్ చెల్లెలి కూతురు. టీచర్‌కు పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. కుడి చెయ్యి పనిచేయడం లేదు. ఆమె జీవితమంతా కూర్చుని రాసిన పదకొండు పియానో పుస్తకాలను హైదరాబాద్‌లో ఒక సంగీత కళాశాల అచ్చు వేస్తానంది. పది పుస్తకాలు పూర్తిగా ఉన్నాయి. పదకొండో దాంట్లో ఒక కాగితం లేదు.

ఆ పుస్తకంలో కుడి పక్క కూర్చుని పై భాగం వాయించింది మీరే కదా అన్నా, గుర్తున్నంత వరకు రాసి పెట్టమని పెద్దమ్మ అడుగుతోంది అని శ్రీవాణి చెప్పింది. ఆ పుస్తకం పూర్తయితేనే అచ్చుకు ఇస్తాను, లేదంటే అది వద్దు అని టీచర్ అంటోందట. పదకొండింటిలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మహిపాల్ కాగితాన్ని బల్ల మీద పరిచాడు. అంచులు పసుపుపచ్చగా మారాయి. సిరా మాత్రం నిన్న రాసినట్టే ఉంది.

సరళ టీచర్ మిర్యాలగూడలో ఒక హాస్టల్ స్కూల్లో సంగీతం చెప్పేది. ఎప్పుడో ఎవరో విదేశీయులు వదిలి వెళ్లిన పియానో ఒకటి అక్కడ ఉండేది. పెద్ద ఆర్కెస్ట్రాల కోసం రాసిన సంగీతాన్ని ఆమె తీసుకుని, ఒకే పియానో ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని వాయించేలా మార్చి రాసేది. కుడి పక్క కూర్చున్నవాళ్లది పై భాగం. ఎడమ పక్క కూర్చున్నవాళ్లది కింది భాగం. డెబ్బయి మంది వాయించేది నాలుగు చేతుల్లోకి దించేది. ఏ స్వరం ఏ వాయిద్యానిదో పైన పెన్సిల్‌తో చిన్నగా రాసేది. మీరు ఆర్కెస్ట్రాను చూస్తారో లేదో నాకు తెల్వదు, దాని లోపల కూసుని మాత్రం పోతరు అనేది. అది విన్న మొదటి రోజు వినోద్ చెయ్యెత్తి, డెబ్బయి మందికి అన్నం ఎవరు వండుతరు టీచర్ అని అడిగాడు. టీచర్ నవ్వు ఆపుకోలేక ఆ రోజు పాఠం చెప్పలేకపోయింది.

వినోద్‌ది మోతె దగ్గర ఒక తండా. తండ్రి తులసీరాం కూలి పనికి వెళ్లేవాడు. మహిపాల్ సూర్యాపేట పిల్లవాడు. హాస్టల్లో ఇద్దరి మంచాలు పక్కపక్కనే. పియానో ముందు మహిపాల్ కుడి పక్క, వినోద్ ఎడమ పక్క. ఎడమ పక్క కూర్చున్నవాడే ఇద్దరి కోసం పెడల్ తొక్కాలి. పేజీ తిప్పాల్సిందీ వాడే. అందుకే పుస్తకం కూడా వాడి దగ్గరే ఉంటుంది. టీచర్ పెట్టిన పద్ధతి అది.

చెన్నైలో ఒక సంగీత పాఠశాల ఒకే ఒక్క సీటు ఇస్తానంది. హైదరాబాద్‌లో పరీక్ష. ఇద్దరూ కలిసి వాయించండి, ఎవరు కావాలో వాళ్లే చూసుకుంటారు అంది టీచర్. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆమె ఆఫీసు గదిలో ఫోన్‌లో మాట్లాడుతుంటే మహిపాల్ విన్నాడు. ఒక్కరినే తీసుకునేటట్టయితే వినోద్‌ను తీసుకోండి, మొత్తం ఆర్కెస్ట్రాను వాడే మోస్తున్నడు అంటోంది.

పరీక్షకు ముందు రోజు, హైదరాబాద్ బస్సుకు పుస్తకం సంచిలో సర్దేశాక, మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా మహిపాల్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపాడు.

అలాంటి పుస్తకంలో ఎడమ పేజీ కింది భాగానిది, కుడి పేజీ పై భాగానిది. అంటే ప్రతి కాగితానికీ ఒక వైపు ఒకరిది, వెనక వైపు రెండోవాళ్లది. వినోద్ పద్నాలుగో పేజీ పోవాలంటే దాని వెనకే ఉన్న తన పదమూడో పేజీ కూడా పోవాలి. అందుకే చింపేముందే మహిపాల్ తన వంతు మొత్తం బట్టీపట్టాడు. మూడు రోజులు పట్టింది.

పరీక్ష గదిలో వినోద్ పేజీ తిప్పాడు. ఉండాల్సింది లేదు. వాడి చేతులు ఆగిపోయాయి. రెండు పేజీలు కలిపి తిప్పానేమో అనుకుని వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. మహిపాల్ ఆగలేదు. పై భాగం ఒక్కటే సన్నగా ఆ గదిలో చివరిదాకా సాగింది. ఆటంకం వచ్చినా నిలబడ్డాడని ఎదురుగా కూర్చున్నవాళ్లు మెచ్చుకున్నారు. సీటు మహిపాల్‌కు వచ్చింది. పుస్తకం కూడ కాపాడుకోలేవా అని టీచర్ వినోద్‌ను అందరి ముందూ ఒక్క మాట అంది. ఆ నెలాఖరులో వాడు హాస్టల్ వదిలి వెళ్లిపోయాడు.

మహిపాల్ ఆ కాగితాన్ని ఎన్నోసార్లు కాల్చేద్దామనుకున్నాడు. టీచర్ చేతిరాత చూసి కాల్చలేకపోయాడు.

ఇప్పుడు అసలు కాగితం ఇవ్వలేడు. చెన్నైలో చదువు ముగించి సూర్యాపేటలో క్లాసు పెట్టినప్పటి నుంచి అతని పేరుకు ముందు వచ్చే మాట సరళ టీచర్ శిష్యుడు అనే. కొత్త పిల్లల తల్లిదండ్రులకు మొదట చెప్పేదీ అదే. ఆమె పుస్తకం మాత్రం పూర్తి కావాలి. దానికి ఒక దారి ఉంది. చూసి రాసేస్తే సరిపోతుంది.

కొత్త కాగితం తీసుకుని గంటన్నరలో రెండు వైపులా రాశాడు. ఆమె అడిగింది పై భాగం ఒక్కటే. కింది భాగం వినోద్‌కు ఎలాగూ గుర్తుండదు, వాడు పియానో ముట్టి ఎన్నేళ్లో అయింది, అదీ ఇచ్చేస్తే పుస్తకం పూర్తవుతుంది అనుకున్నాడు. తను పోగొట్టింది తనే తిరిగి పెట్టినట్టు అవుతుందని కూడా అనుకున్నాడు. చుక్క పక్కన చుక్క, గీత పక్కన గీత, ఒక్కటీ తేడా లేకుండా దించాడు. చూసి రాసేటప్పుడు చెవిని నమ్మొద్దు, కంటిని నమ్మండి అని టీచర్ చిన్నప్పుడే నేర్పింది.

మరుసటి రోజు పొద్దున్నే విజయవాడ బస్సెక్కి కోదాడలో దిగాడు.

శ్రీవాణి ఇంట్లో ముందు గదిలో కరెంటు పియానో ఉంది. పక్కనే మంచం మీద దిండ్లకు ఆనుకుని టీచర్ కూర్చుని ఉంది. మనిషి సగమైంది. చూపు కూడా మసకబారిందట, కాగితం చదవలేకపోతోందట. మాట మెల్లగా వస్తోంది కానీ తడబాటు లేదు. బస్సులో సీటు దొరికిందా, ఈ ఏడు ఎంతమంది పిల్లలు అని అడిగింది. అతను రెండు వైపులా రాసి తెచ్చానని చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"కింది భాగం గూడ నీకు యాదికున్నదా?"

దీనికి జవాబు అతను బస్సులోనే సిద్ధం చేసుకున్నాడు. "రెండేళ్లు వాని పక్కన కూసున్న కదా టీచర్. అట్లనే చెవుల ఉండిపోయింది."

"చెవుల ఉన్నదే రాసినవా?"

"అంతే టీచర్. విన్నది విన్నట్టు."

వాయించి చూపించమంది. శ్రీవాణి కూడా ఆమె దగ్గరే నేర్చుకుంది. ఆమె ఎడమ పక్క కూర్చుంది, మహిపాల్ కుడి పక్క. కొత్త కాగితాన్ని పుస్తకంలో దాని చోట పెట్టి మొదలుపెట్టారు. నెమ్మదిగా సాగే సంగీతం అది. రెండు పేజీలూ మూడు నిమిషాల్లో అయిపోయాయి. టీచర్ కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ వాయించమంది. రెండోసారి ఒక చోట ఎడమ చెయ్యి ఎత్తి ఆపింది.

"శ్రీవాణీ, ఇప్పుడు వాయించినవే ఎడమ చేత్తో, అందులో ఎన్ని స్వరాలున్నయ్?"

శ్రీవాణి వంగి చూసింది. "నాలుగు ఉన్నాయి పెద్దమ్మా."

"ఇంకోసారి నొక్కు."

నాలుగు స్వరాలు కలిసి మోగాయి. అడుగున ఉన్నది బరువుగా, చాలాసేపు నిలిచింది. టీచర్ అది పూర్తిగా ఆగిపోయేదాకా విన్నది. తర్వాత శ్రీవాణితో అలమరలోంచి వినోద్ పంపింది తెమ్మంది.

మహిపాల్‌కు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. వినోద్ పంపడమేంటి?

శ్రీవాణి ఒక కాగితం తెచ్చి పియానో మీద పెట్టింది. రైసు మిల్లులో వాడే అచ్చు కాగితం. వెనక తెల్లగా ఉన్న వైపు స్కేలుతో అయిదేసి గీతలు కొట్టి, బాల్‌పెన్‌తో స్వరాలు రాసి ఉన్నాయి. పద్నాలుగో పేజీ, కింది భాగం. మొదట నుంచి చివరి దాకా. ముందు ఫోన్ చేసింది వాడికేనని, పది రోజుల్లో పోస్టులో పంపాడని శ్రీవాణి చెప్పింది. మీరు కింది భాగం కూడా రాసి తెచ్చారుగా, దీంతో సరిచూడొచ్చు అంది. ఆమె మాటలో ఇంకా ఏ అనుమానమూ లేదు.

ఆ చోట వినోద్ రాసినవి మూడు స్వరాలే.

మహిపాల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వినోద్ ఎడమ చెయ్యి చిటికెన వేలు చిన్నప్పుడే గడ్డి కోసే మిషన్‌లో పడి మొదటి కణుపు దాకా పోయింది. మిగతా చోట్ల ఉంగరపు వేలితో సర్దుకునేవాడు. ఆ ఒక్క చోట నాలుగు స్వరాలు ఒకేసారి పట్టాలి, పొట్టి వేలు అందదు. అడుగుది వదిలెయ్ బిడ్డా, ఏం గాదు అంది టీచర్. పుస్తకంలో మాత్రం కొట్టెయ్యలేదు. రేపు ఇంకెవరైనా వాయిస్తే వాళ్ల వేలు అందుతుందేమో అని. రెండేళ్లూ ఆ చోట మూడు స్వరాలే మోగాయి. నాలుగో స్వరాన్ని ఆ హాస్టల్లో ఎవ్వరూ ఎప్పుడూ వినలేదు.

"ఆ స్వరం కాగితం మీదనే ఉండె మహిపాల్," అంది టీచర్. "చెవుల లేదు."

శ్రీవాణి ఒకసారి ఆమెను, ఒకసారి అతన్ని చూసి, చేతులు పియానో మీద నుంచి తీసేసింది.

"యాడున్నది కాగితం?"

"ఇంట్ల ఉంది టీచర్."

"అప్పటి సంది?"

"అప్పటి సంది."

ఆమె అరవలేదు. తిట్టి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. ఆ రోజు అందరి ముందు నేను వినోద్‌ను అన్న మాట ఏమిటో నీకు యాదికుందా అని అడిగింది. ఉందన్నాడు. నాకూ ఉంది అంది. కాగితం తెచ్చి మీ చేతికే ఇస్తానని అతను లేచాడు.

"నాకు గాదు. ముందు వానికి చూపెట్టు. వాడు ఏం జెయ్యమంటే గది జెయ్యి."

మహిపాల్ సూర్యాపేటకు తిరిగొచ్చాడు. ఎక్స్‌రే కవరు తీసుకుని, అన్నం కూడా తినకుండా మిర్యాలగూడ బస్సెక్కాడు. వినోద్ పనిచేసే మిల్లు ఏదో శ్రీవాణి ఫోన్‌లో చెప్పింది, అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఊరి బయట మిల్లుల వరుసలో అది చివరిది. బియ్యంలో నల్ల గింజలు ఏరే మిషన్‌కు వినోద్ ఆపరేటర్. చప్పుడు వినే ఏ బెల్టు వదులైందో చెప్పేస్తాడని గేటు దగ్గర సైదయ్య అనే ముసలాయన గొప్పగా చెప్పి లోపలికి కబురు పంపాడు.

వినోద్ తల మీద తవుడుతో బయటికొచ్చాడు. ముందు గుర్తుపట్టలేదు. పట్టాక మనస్ఫూర్తిగా నవ్వాడు.

"ఏంరో, పొట్ట పెరిగింది. పియానో అందుతుందా, లేకుంటే పొట్టతోనే వాయిస్తున్నవా?"

గేటు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. వినోద్ టీచర్ ఎట్లుంది అని అడిగాడు. తను పంపిన కాగితం బాగానే కుదిరిందా అని అడిగాడు. పుస్తకంల కాగితం పోగొట్టినోన్ని నేనే కదా, గా మాత్రం జెయ్యకపోతే ఎట్ల అన్నాడు. మహిపాల్ ఇక ఆగలేక కవరులోంచి కాగితం తీసి ముందు పెట్టాడు.

వినోద్ దాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడు. రెండోవైపు తిప్పమన్నాడు. మహిపాల్ తిప్పాడు. పద్నాలుగో పేజీ. వినోద్ కళ్లు వరసలో నెమ్మదిగా కదిలి ఆ నాలుగు స్వరాల దగ్గర ఆగాయి.

"నాలుగుండెనా గీడ? మర్సిపోయిన."

మహిపాల్ అంతా చెప్పాడు. ఫోన్ మాట, భోజనాల వేళ, మూడు రోజుల బట్టీ. చాయ్ మీద మీగడ కట్టింది.

"నేను బస్సుల సీట్ల కింద గూడ సూసిన," అన్నాడు చివరికి. "మూడు దినాలు డిపో సుట్టు తిరిగిన. కండక్టర్ హాలియాల ఉంటడంటే ఆయన ఇంటికి గూడ పోయిన. నేనే పోగొట్టిన్నని నేను గూడ నమ్మిన మహిపాల్. నా పెండ్లాం మంగ్లీ ఇప్పటికి ఇంటి కాగితాలు నా చేతికియ్యదు. పెండ్లయిన కొత్తల నేనే చెప్పిన దానికి, నా చేతుల ఏదీ ఆగదు, పోతది అని."

మహిపాల్ కోదాడ రమ్మన్నాడు. టీచర్ ముందు ఇద్దరం కలిసి ఒక్కసారి వాయిద్దామన్నాడు. మాట పూర్తి కాకముందే అది ఎంత సిగ్గులేని మాటో అతనికే తెలిసింది.

"పెడల్ యాడుంటదో కాలుకు గూడ యాదికి లేదు," అన్నాడు వినోద్. "సీటు కోసం చేసినవ్, సమజైంది. పద్దెనిమిదేండ్ల పోరగాడివి. అది అడగను. ఒక్కటి చెప్పు. నేను పేజీ తిప్పి ఆగిపోయిన. ఎందుకాగిన్నో గా గదిల నీకొక్కనికే తెలుసు. నువ్వెందుకు ఆగలే?"

మిల్లులోంచి హారన్ మోగింది. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న మహిపాల్ తనకు తాను ఎన్నడూ వేసుకోలేదు. చింపడం గురించే ఆలోచించాడు, ఆగకపోవడం గురించి కాదు.

వినోద్ లేచి తల తుడుచుకున్నాడు. కాగితం ఏం చెయ్యాలని మహిపాల్ అడిగాడు.

"టీచర్‌కియ్యి. నా చేతికియ్యకు. నా తాన ఉంటే పోతది." నవ్వుతూ అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు. వెనక్కి చూడకుండా గేటులోకి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు కోదాడలో శ్రీవాణి గేటు దగ్గరే నిలబడి కాగితం తీసుకుంది. పెద్దమ్మ పడుకుందండీ అంది. నిన్నటి దాకా అన్నా అని పిలిచిన మనిషి అండీ అంది. లోపల కిటికీ పక్క నుంచి టీచర్ ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తూనే ఉంది. మహిపాల్ అక్కడ ఒక్క నిమిషం నిలబడి బస్టాండు వైపు నడిచాడు.

ఆ తర్వాత జరిగింది అతనికి చాలా రోజులకు తెలిసింది. టీచర్ కారు మాట్లాడించుకుని మిర్యాలగూడ వెళ్లింది. మిల్లు గేటు ముందు కారు ఆపి వినోద్‌ను పిలిపించింది. ఆమె దిగలేకపోయింది కాబట్టి వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో శ్రీవాణి చెప్పలేదు. వాడి ఎడమ చెయ్యి పట్టుకునే కూర్చుంది అని మాత్రం అంది.

పుస్తకం చలికాలంలో అచ్చయింది. టీచర్ దాన్ని చేత్తో తడిమి చూసిందని, నెల తిరక్కుండా పోయిందని శ్రీవాణి రెండు ముక్కల్లో సందేశం పంపింది. అప్పటికి అంత్యక్రియలు అయిపోయాయి.

పుస్తకాలు పోస్టులో వచ్చాయి. మహిపాల్ ముందు పదకొండోది తెరిచాడు. మొదటిసారి వాయించినవారు అని రెండు పేర్లు ఉన్నాయి. కింది భాగం వినోద్, పై భాగం మహిపాల్. తన పేరు తీసేసి ఉంటుందనుకున్నాడు. ఆమె తీసెయ్యలేదు. పద్నాలుగో పేజీలో ఆ చోట అసలు కాగితంలో ఉన్నట్టు నాలుగు స్వరాలు లేవు. మూడే ఉన్నాయి. కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: ఈ చోట వినోద్ వాయించినట్టే వాయించాలి.

ఫిబ్రవరిలో అతను ఆ పుస్తకం మొదలుపెట్టాడు. కుడి పక్క వనిత, ఎడమ పక్క సునీత, ఇద్దరూ ఇంటర్ చదివే పిల్లలు. పుస్తకం సునీత దగ్గర. పద్నాలుగో పేజీ దగ్గర సునీత ఆగింది. వనిత ఆగకుండా వాయించుకుంటూ ముందుకు పోయింది.

"ఆగు," అన్నాడు మహిపాల్. గొంతు పెద్దదైంది. వనిత ఉలిక్కిపడి చేతులు తీసేసింది. పక్కవాళ్లు ఆగితే మనమూ ఆగాలి అని మెల్లగా చెప్పాడు.

సునీత పేజీ చూపించింది. కింద ఒక స్వరం తక్కువైనట్టుంది సార్, అచ్చుతప్పా అని అడిగింది. కాదమ్మా, ఆయనకు వేలు పొట్టిది అన్నాడు. ఆయన ఎక్కడుంటారని అడిగింది. మిర్యాలగూడలో అన్నాడు.

"ఇప్పుడు గూడ వాయిస్తరా సార్?"

"లేదు."

"ఎందుకు?"

వేలు వల్ల అనేస్తే అక్కడితో అయిపోతుంది. గోడ మీద సరళ టీచర్‌తో తను దిగిన ఫోటో ఉంది, చెన్నై వెళ్లే రోజు తీసింది. మహిపాల్ కుర్చీ లాక్కుని పిల్లల ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ పేజీ ఒకప్పుడు నేను చింపిన," అన్నాడు.

మొత్తం చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. వనిత నేల వైపు చూస్తూ విన్నది. సునీత చెయ్యి చాచి, పియానో మీది పుస్తకాన్ని నెమ్మదిగా మూసి తన ఒడిలోకి తీసుకుంది.